నువ్వు పంపిన కొలతలు

మూసాపేట, హైదరాబాదు
29-11-1998

అక్కకు నమస్కారాలు.

నేను క్షేమం. ఈ మాట ఈసారి మర్యాదకు రాయడం లేదు, ఎదురుగా కాగితం పెట్టుకొని చూసి రాస్తున్నాను. వేలూరు నుంచి నిన్న రిపోర్టు వచ్చింది. ఎముక మూలుగలో బ్లడ్ క్యాన్సర్ ఆనవాలు లేదు. నీ మూలుగ తీసి నాకెక్కించి పదిహేను నెలలైంది. ఇక్కడి డాక్టరు అది చూసి ఇన్నాళ్లకు ఒకసారి నవ్వాడు.

ఇంకో వింత విను. మగవాళ్ల కణాల్లో ఒక గుర్తు, ఆడవాళ్ల కణాల్లో ఒక గుర్తు ఉంటుందట. నా మూలుగలోంచి ఇరవై కణాలు తీసి చూస్తే ఇరవైకి ఇరవై ఆడవే. అంటే అన్నీ నీవే. రిపోర్టు మీద పేరు దినేష్, వయసు ఇరవై ఏడు, పురుషుడు అని రాసి, లోపల మాత్రం స్త్రీ అని రాశారు. చిన్నప్పుడు నీ పరికిణీ కట్టి నన్ను వీధిలో తిప్పావు కదా, ఆ ముచ్చట ఇప్పటికి పూర్తిగా తీరింది నీకు.

మాదాపూర్‌లో కొత్త గుండ్రటి భవనం తెరిచారు. మా ఆఫీసు అందులోకి మారింది. మా పని చెబితే నవ్వుతావు. కంప్యూటర్లకు సంవత్సరాన్ని రెండంకెల్లోనే గుర్తుపెట్టుకునే అలవాటు. తొంభై తొమ్మిది దాటితే వాటికి మతి పోతుందట. వాటికి నాలుగంకెలు నేర్పుతున్నాం. చుట్టూ ఇంకా బండలూ, సిమెంటు లారీలూ. మధ్యాహ్నం అన్నం తిందామన్నా దుమ్ములోనే తినాలి.

నాకు జ్వరం వస్తుందేమోనని నువ్వు చల్లనీళ్లు మానేశావట, బావ రాశాడు. నీ మూలుగ ఇప్పుడు నాది. నువ్వు మజ్జిగ తాగితే నాకు జలుబు చెయ్యదు. హాయిగా తాగు.

ఫోన్ చెయ్యనందుకు తిట్టకు. మీ వీధి ఎస్టీడీ బూత్‌లో మనం మాట్లాడే ప్రతి మాటకూ నలుగురు ఊ కొడతారు. నాకు ఉత్తరమే నయం.

నీ తమ్ముడు
దినేష్

*

జమ్మలమడుగు
10-12-1998

చిరంజీవి దినేష్‌ను అక్క దీవించి రాసేది.

రిపోర్టు నకలు అందింది. ఇంగ్లీషు నాకు రాకపోయినా వరసగా అందరికీ చూపించాను. షాపుకు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ ముందు అది చూపించి, తర్వాతే టేపు తీస్తున్నాను. మీ బావ "పటం కట్టించి గోడకు తగిలించు" అని ఎగతాళి చేస్తున్నాడు. చేసుకోనీ. అమ్మానాన్నా పోయిన రోజు నీకు తొమ్మిదేళ్లు, నాకు ఇరవై. అప్పటి నుంచి నిన్ను బతికించుకోవడమే నా పని. ఈ కాగితం నాకు దేవుడి పటంతో సమానమే.

ఇక అసలు సంగతి. ప్రొద్దుటూరు సుబ్బమ్మ కూతురు శిరీష నీకు దగ్గరలోనే ఉంది. బాచుపల్లిలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. నేను ఏదీ దాచలేదు అబ్బీ. నీకు వచ్చిన జబ్బు, వేలూరు, నా మూలుగ, అంతా చెప్పాను. వాళ్లమ్మ రెండు రోజులు ఆలోచించుకుంటానంది. అప్పుడు నీ రిపోర్టు నకలు పంపాను. అందరూ జాతకాలు పంపుతారు, నేను ఇది పంపాను. ఆ పిల్ల చదువుకుని, "మూలుగ బాగుంటే మనిషి బాగున్నట్టే కదమ్మా" అందట. ఆ ఒక్క మాటకే నాకు ఆ పిల్ల నచ్చింది.

పోయి చూడు. నచ్చితే కొలతలు పంపు. పెళ్లి బట్టలు బయట కుట్టించావంటే మర్యాదగా ఉండదు. మీ బావ కత్తిరిస్తాడు, నేను కుడతాను.

నీ అక్క
పార్వతమ్మ

*

మూసాపేట
7-2-1999

అక్కకు నమస్కారాలు.

శిరీషను చూశాను. మూడు ఆదివారాలు చూశాను. మొదటిసారి వాళ్లమ్మ వెంట వచ్చింది, రెండోసారి తోడుగా స్నేహితురాలు, మూడోసారి ఎవరూ లేరు. నవ్వదు, కానీ ఎదుటివాడు నవ్వించాలని చూస్తుంటే ఓపికగా చూస్తూ కూర్చుంటుంది. "మీ ఒంట్లో అక్క రక్తం ఉందంటే, గొడవ వచ్చినప్పుడు నేను ఇద్దరితో పోట్లాడాలి" అంది. నాకు నచ్చింది. ఎంత నచ్చిందో రాయడం చేత కాదు.

కొలతలు పంపుతున్నాను. చొక్కా పాతదే. ప్యాంటు నడుము ముప్పై, తొడ కూడా పాతదే. కానీ కాళ్లు కలిసే చోట రెండంగుళాలు వదులు పెట్టించు. కూర్చుని చేసే పని కదా, బిగుతుగా ఉంటే ఇబ్బంది.

ముహూర్తానికి తొందర పడకండి. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

మా బిల్డింగు వాచ్‌మన్ నర్సయ్య మెదక్ మనిషి. రోజూ నా డబ్బా చూసి, "ఏంది సారూ, గింతే తింటవా? గిట్లైతే పెండ్లి నాటికి గాలికి కొట్టుకపోతవ్" అంటాడు. పెళ్లి సంగతి అతనికి ఎవరు చెప్పారో తెలియదు. ఆ ఫోన్ బూత్‌లో ఊ కొట్టే నలుగురిలాంటివాళ్లు ఇక్కడా ఉన్నారు.

నీ తమ్ముడు
దినేష్

*

జమ్మలమడుగు
21-2-1999

చిరంజీవి దినేష్‌కు,

మూడు ఆదివారాలా! మీ బావ నన్ను పెళ్లికి ముందు ఒక్కసారి చూశాడు, అదీ తలుపు సందులోంచి. సంతోషం.

నీ కొలతలు చూసి మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. పొట్ట వస్తే నడుము పెరగాలి. ఒళ్లు వస్తే తొడ పెరగాలి. రెండూ పెరగకుండా మధ్యలో రెండంగుళాలు వదులేమిటిరా? ఇరవై ఏళ్లుగా కొలతలు రాస్తున్నాను, ఇట్లాంటిది ఎవరూ ఇవ్వలేదు. ఆ కంప్యూటరు ముందు కూర్చుని వేడి చేసి సెగ్గడ్డ లేచి ఉంటుంది. అంతేనా? సిగ్గుపడకుండా రాయి. సబ్జా గింజలు నానబెట్టి తాగు. కోడికూర నెల రోజులు మానుకో. అడిగిన వదులు పెట్టి కత్తిరించాం, లోపల కుట్టులో ఇంకో అంగుళం బట్ట కూడా ఉంచాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు.

ముహూర్తం మే మొదటి వారంలో దొరికింది. అది దాటితే అధికమాసం. వాళ్లమ్మ సరేనంది. నువ్వు కాదనకు.

నీ అక్క

*

మూసాపేట
18-4-1999

అక్కకు,

వేలూరు వెళ్లి వచ్చాను. రిపోర్టు దీనితో పెట్టాను. మూలుగ శుభ్రంగా ఉంది. ఈసారి కూడా ఇరవైకి ఇరవై నీవే.

పెళ్లి మాత్రం ఇప్పుడు వద్దు. డిసెంబరు దాకా సెలవులు ఇవ్వరు. శిరీష వాళ్లమ్మకు నువ్వే చెప్పు. నాకు చెప్పడం రావడం లేదు.

దినేష్

*

జమ్మలమడుగు
27-4-1999

దినేష్‌కు,

ఉత్తరం అందిన రోజు షాపు తెరవలేదు. సుబ్బమ్మ ముందు నేను ఏ ముఖంతో నిలబడ్డానో నీకు తెలియాలి. ఆమె ఒక్కటే అడిగింది. "కాగితంలో అంతా బాగుండాదంటావు. మరి ఏం రోగమొచ్చిందమ్మా మీవోడికి?" పని ఎక్కువంట అన్నాను. నాకే నమ్మబుద్ధి కాలేదు.

వేరే పిల్ల ఎవరైనా ఉంటే చెప్పు. కులం కాకపోయినా సరే, మీ బావను నేను ఒప్పిస్తాను. శిరీష ఏదైనా అని ఉంటే చెప్పు. కాళ్ల మీద పడి బతిమాలుతున్నాననుకో. నీ ఉత్తరంలో అబద్ధం ఒక్కటి కూడా నాకు దొరకడం లేదు, అయినా ఒక్క మాట కూడా నిజంలా లేదు. నువ్వు తొమ్మిదేళ్ల వయసులో కాలి వేలు విరిగినా రెండు రోజులు చెప్పకుండా తిరిగినవాడివి. నాకు భయంగా ఉంది.

పెళ్లి బట్టలు ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టాను.

అక్క

*

వేలూరు
13-6-1999

అక్కకు,

ఈ ఉత్తరం బావను పక్కన కూర్చోబెట్టుకొని చదువు. కాదు, వద్దు, ముందు నువ్వొక్కదానివే చదువు.

జబ్బు తిరిగి వచ్చింది. మూలుగలోకి రాలేదు. నువ్వు వదులు పెట్టిన చోటికి వచ్చింది. వృషణంలో గడ్డ. ఈ మాట రాయడానికి నాకు అయిదు నెలలు పట్టింది.

జనవరిలో స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. నొప్పి లేదు. సెగ్గడ్డేనని నేనూ అనుకున్నాను. శిరీషను మొదటిసారి చూసి వచ్చిన వారం అది. నెలకు పెరిగింది. ఆఫీసులో కూర్చుంటే ప్యాంటు పట్టేసేది. అప్పుడే నీకు కొలతలు పంపాను. ఏప్రిల్‌లో వేలూరు డాక్టరు ఎప్పటిలాగే ఒళ్లంతా చూస్తానన్నాడు. ఇంకెక్కడా ఏమీ లేదు, బస్సుకు టైమైంది అని లేచి వచ్చేశాను. పక్కన నర్సు ఉందని సిగ్గు. అది ఒక కారణం. రెండో కారణం ఆ రిపోర్టు. మూలుగ శుభ్రం అని చేతిలో పట్టుకున్నాక, ఈ గడ్డ ఆ జబ్బుకు సంబంధించింది కాదని నాకు నేను ప్రమాణం చేసి చెప్పుకున్నాను. నా ఎముకల్లో ఉన్నది మా అక్క, ఆమెను దాటి ఏది వస్తుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. మూడో కారణం శిరీష. చూపిస్తే పెళ్లి ఆగిపోతుంది. చూపించకపోతే ఇంకో ఆదివారం ఆమెతో దక్కుతుంది.

మేలో నిలబడితే కళ్లు తిరిగి, వస్తువులు రెండుగా కనిపించడం మొదలయ్యాక ఇక్కడికి వచ్చాను. గడ్డ తీసేశారు. వెన్నులోని నీటిలో కూడా జబ్బు ఉందట. మందు వెన్నులోకే ఎక్కిస్తున్నారు. ఆ రెండు చోట్లకూ మామూలు మందులు సరిగ్గా చేరవట. పాత జబ్బు అక్కడెక్కడో చిటికెడు మిగిలి, రెండేళ్లు నక్కి కూర్చుంది. జనవరిలో వచ్చి ఉంటే అని డాక్టరును అడిగాను. వచ్చి ఉంటే బాగుండేది అన్నాడు.

నువ్వు ఏమనుకుంటావో నాకు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను. గడ్డ ముక్కను కూడా ఆ గుర్తుల పరీక్షకే పంపారు. అందులో కణాలన్నీ మగవి. నావి, అక్కా. నీవి ఒక్కటి కూడా కాదు. మూలుగ మళ్లీ చూశారు, ఇప్పటికీ అది పూర్తిగా నీదే. నువ్వు ఇచ్చింది చెడిపోలేదు. చెడింది నాలో మిగిలిపోయిన నేను.

ఇంకొకటి కూడా దాచాను. మూలుగ మార్చే ముందే, నాకు పిల్లలు పుట్టరని చెప్పి సంతకం పెట్టించుకున్నారు. నువ్వు అప్పుడు పక్క వార్డులో ఉన్నావు. ఈ సంగతి శిరీషకూ చెప్పలేదు.

ఇప్పుడు శిరీషకు ఎవరు చెబుతారో ఆలోచిస్తున్నాను. నేనే చెప్పాలి. ఈ ఉత్తరం పోస్టు చేశాక ఆమెకూ రాస్తాను.

నీ తమ్ముడు
దినేష్

*

జమ్మలమడుగు
22-6-1999

అబ్బీ,

మీ బావ నాలుగు రోజులు నన్ను కాగితం ముట్టనివ్వలేదు. రాస్తే తిడతానని భయం. తిట్టడానికే రాస్తున్నాను. సిగ్గా నీకు? నీకు స్నానం చేయించింది ఎవరు? తట్టు పోసినప్పుడు ఒళ్లంతా వేపాకు రాసింది ఎవరు? నా ముందు సిగ్గుపడితే పడ్డావు, డాక్టరు ముందు సిగ్గేమిటి? చెంప మీద కొట్టాలని ఉంది. దగ్గర లేవు.

కొలత చూడగానే ఏదో తేడా అని నా చేతికి తెలిసింది. నడుమూ తొడా కదలకుండా ఆ మధ్య చోటు పెరగడం మామూలు కాదని, ఈ పనిలో ఉన్నదాన్ని, నాకు తెలియాలి. సబ్జా గింజలని రాసి నవ్వేశాను. ఆ రోజే బస్సెక్కి వచ్చి ఉంటే సరిపోయేది. ఆ రోజు ఏం కుట్టానో కూడా గుర్తుంది. అంగన్‌వాడీ యాదమ్మ మనవరాలి గౌను కుట్టాను. అంతకంటే గొప్ప పనేమీ లేదు నాకు.

నేనూ ఒకటి దాచాను, విను. వేలూరులో నా మూలుగ తీసే ముందు అలవాట్లు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. వక్కాకులో పొగాకు వేసుకుంటానని నీకు తెలుసు, వాళ్లకు చెప్పలేదు. చెబితే వద్దంటారేమోనని, ఇంకెవరి మూలుగా నీకు సరిపోలేదు కదా. ఈ రెండేళ్లూ నీ ప్రతి రిపోర్టు విప్పేటప్పుడు నా పొగాకు ఎక్కడ బయటపడుతుందోనని వణికాను. అందరికీ చూపించుకున్నది గర్వంతో కాదు అబ్బీ. ఇంకా బాగుంది, ఇంకా బాగుంది అని నాకు నేను చెప్పుకోవడానికి.

ఆ చెడ్డ కణాలు నావి కావని తేలిందని నన్ను ఊరడిస్తున్నావు. నావైతే బాగుండేది. పాపం నాదని గుండెలు బాదుకుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఎవరి మీద పడి ఏడవాలి?

శిరీష వచ్చింది. నీ ఉత్తరం చేత్తో పట్టుకుని వచ్చింది. "నాకు జబ్బుతో కోపం లేదు వదినా, పిల్లలు లేరన్నా కోపం లేదు. నాలుగు నెలలు నా పక్కన కూర్చుని నవ్వించాడే, దానికి కోపం" అంది. వదినా అనే పిలిచింది. అన్నం పెడితే తినలేదు. నీళ్లు తాగి వెళ్లిపోయింది. పిల్లలు లేని ఇల్లు ఎట్లుంటుందో నన్ను అడిగి ఉంటే ఆమెకు నేనే చెప్పేదాన్ని. మీ బావా నేనూ పద్దెనిమిదేళ్లుగా బతకడం లేదా?

మళ్లీ నా రక్తం కావాలంటే తీసుకోమను. పొగాకు నిన్నటితో మానేశాను.

అక్క

*

మూసాపేట
3-10-1999

అక్కకు,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. ఒక కన్ను మూసుకొని రాస్తున్నాను.

ఆగస్టులో నువ్వు వేలూరు వచ్చి చేతి నరంలోంచి రక్తం తీయించుకుని ఇచ్చిన కణాలు మూలుగలో బాగానే ఉన్నాయట. వెన్నులో మాత్రం వాటి మాట చెల్లలేదు. నిన్న డాక్టరు నాతో ఫోన్లో మాట్లాడాడు. ఇక్కడికి రానక్కర్లేదు, ఇంటి దగ్గరే ఉండు, నొప్పికి మందు హైదరాబాదు డాక్టరుకు రాసి పంపుతాను అన్నాడు. అన్నీ అర్థమయ్యాయి. మూలుగ ఎట్లా ఉందని అడిగాను, అలవాటు కొద్దీ. చక్కగా ఉంది అన్నాడు పాపం.

ఆఫీసువాళ్లు కుర్చీ ఖాళీగానే ఉంచారు. నేను మొదలుపెట్టిన ప్రోగ్రాం వేరేవాళ్లు పూర్తి చేశారు. జనవరి ఒకటో తేదీ ఆ కంప్యూటర్లు ఏం చేస్తాయో నువ్వు చూడాలి.

నర్సయ్య పొద్దునా సాయంత్రం పైకి వచ్చి గంజి పెట్టి పోతున్నాడు. "ఫికర్ చేయకు సారూ, దవాఖానల నడిపిస్తరు, నడుస్తవ్" అంటాడు. కదలడం మానేసిన నా కాళ్ల వైపు చూడకుండా అంటాడు.

శిరీష ఒక ఆదివారం వచ్చింది. కోపంగానే వచ్చింది, కోపంగానే కూర్చుంది. బడి పిల్లల లెక్కల పరీక్ష కాగితాలు తెచ్చుకుని నా మంచం పక్కన కూర్చుని దిద్దింది. వెళ్లేటప్పుడు, "వచ్చే ఆదివారం వస్తాను. క్షమించాననుకోవద్దు" అంది. అనుకోనని చెప్పాను.

నువ్వు వస్తానంటావని తెలుసు. ఇప్పుడే వద్దు. షాపు దసరా పనితో నిండి ఉంటుంది. నేను బాగానే ఉన్నాను. నొప్పి పెద్దగా లేదు.

నీ తమ్ముడు
దినేష్

*

జమ్మలమడుగు
11-10-1999

చిరంజీవి దినేష్‌కు,

ఒక కన్ను మూసుకుని రాసినవాడు నొప్పి లేదని రాస్తే నమ్మడానికి నేను చిన్నపిల్లను కాను.

దసరా బట్టలు కత్తిరించినవన్నీ పక్క వీధి షాపుకు ఇచ్చేశాం. మీ బావ తాళం వేసి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను గురువారం బయల్దేరుతున్నాను, శుక్రవారం పొద్దున దిగుతాను. ఆయన మర్నాడు వస్తాడు. ఎన్నాళ్లకు తిరిగి వస్తామని పక్కింటివాళ్లు అడిగారు. తెలియదన్నాను.

పెళ్లి బట్టలు పెట్టెలోంచి తీశాను. ఆ ప్యాంటులో ఎక్కడ వదులు పెట్టానో అక్కడ కుట్టు విప్పేశాను. విప్పుతూ ఏడ్చాను, రాస్తున్నాను కదా నిజం, గట్టిగానే ఏడ్చాను. ఆ బట్టలోంచి నీకు రెండు మెత్తటి చొక్కాలు కుడదామనుకున్నాను, ముందంతా తెరుచుకుని తాళ్లతో కట్టుకునేవి. చేతులు పైకెత్తే పని ఉండదు, మంచం మీదే తొడగొచ్చు. బట్ట గరుగ్గా ఉంది. అందుకని నా పాత నూలు చీర చింపాను. మెడ దగ్గర రాసుకోకుండా మడత లోపలికి తిప్పి కుట్టాలి. కత్తిరించకుండా బట్టతోనే వస్తున్నాను. మిషను కూడా తెస్తున్నాను, చేత్తో తిప్పేది.

కొలతలు పంపమని అడగడం లేదు. నేనే తీసుకుంటాను.

నర్సయ్యకు చెప్పి గేటు తీయించి పెట్టు. శిరీష ఆదివారం వస్తే ఆ పిల్లకు నా చేత్తో అన్నం పెడతాను, కోపంగానే తినమను. నువ్వు లేచి కూర్చుని నాకోసం ఎదురుచూడకు. జుట్టు దువ్వుకుని, నవ్వు ముఖం పెట్టుకుని ఉండకు. రిపోర్టులు ఏవీ తీసి బల్ల మీద పెట్టకు, నేను చూడను. నేను వచ్చి పక్కన కూర్చున్నాక ఎక్కడ నొప్పిగా ఉందో అక్కడ నా చెయ్యి పెట్టి చూపించు, చాలు.

నీ అక్క
పార్వతమ్మ